సపోటాకు పిందె కట్టించేది ఎవరు? మెక్సికో చెట్టు, మన పాల వేరు, ఒక తామర పురుగు



మన తిరువూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఈ మధ్య ఒకటే ప్రశ్న పదే పదే వస్తోంది. "అన్నా, పెరట్లో సపోటా చెట్టు నిండా పూత ఉంది, పిందె మాత్రం నిలవట్లేదు, ఏం మందు కొట్టాలి?" అని. మందు సంగతి తర్వాత చూద్దాం. అసలు సపోటా పువ్వు పిందెగా మారాలంటే ఎవరు రావాలి, ఏం చెయ్యాలి అన్నది తెలియకుండా మందు జోలికి పోతే, వైద్యుడు నాడి చూడకుండా సూది వేసినట్టే. ఆ సంగతి తెలియాలంటే ఈ చెట్టు మన దగ్గరకు ఎట్లా వచ్చిందో ముందు తెలియాలి. పోస్టు కొంచెం పొడుగు. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి.

సపోటా మన చెట్టు కాదు. దక్షిణ మెక్సికో, గ్వాటెమాలా, బెలీజ్ అడవులు దాని పుట్టిల్లు. అక్కడ మాయా జాతి వాళ్లు రాతి గుళ్లు కట్టి, గుమ్మాల పైన ద్వారబంధాలకు సపోటా దూలాలు వేశారు. గ్వాటెమాలాలోని టికాల్ అనే పాత నగరంలో క్రీ.శ. 8వ శతాబ్దంలో చెక్కిన సపోటా దూలాలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. ఒక గుడివి స్విట్జర్లాండ్‌లో బాసెల్ మ్యూజియంలో ఉన్నాయి. చెద పట్టకుండా పన్నెండు వందల ఏళ్లు నిలిచిన కర్ర అది. మనం మాత్రం సపోటాను పండు చెట్టుగానే చూస్తాం, కర్ర సంగతి పట్టించుకోం.

పచ్చికాయ తుంచితే చేతికి జిగురుగా అంటే పాలు ఉన్నాయి చూశారా, వాటికీ ఒక చరిత్ర ఉంది. అక్కడి వాళ్లు చెట్టుకు గాట్లు పెట్టి ఆ పాలు దింపి, కాచి, గట్టిపడ్డాక నమిలేవాళ్లు. దాన్నే చికిల్ అంటారు. 1860లలో మెక్సికో నుంచి వెళ్లగొట్టబడ్డ శాంటా అన్నా అనే సైన్యాధిపతి న్యూయార్క్ దగ్గర తలదాచుకుంటూ, ఈ జిగురుతో రబ్బరు లాంటిది చెయ్యొచ్చేమో చూడమని థామస్ ఆడమ్స్ అనే ఆయనకు ఇచ్చాడు. రబ్బరు కాలేదు. ఆడమ్స్ దాన్నే నమిలే చూయింగ్ గమ్‌గా అమ్మి, 1871లో గమ్ తయారుచేసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. మన పిల్లలు నమిలి బల్లల కింద అంటించే గమ్‌కు మూలం సపోటా పాలే. ఇప్పుడు చాలావరకు కృత్రిమ పదార్థం వాడుతున్నారనుకోండి.

పేరు కూడా అక్కడిదే. నహువాత్ల్ భాషలో తియ్యటి మెత్తటి పండ్లను త్సాపోత్ల్ అనేవాళ్లు. స్పెయిన్ వాళ్ల నోట్లో పడి అది సపోతె అయింది, మనకు సపోటా అయింది. మన సపోటాకు విడిగా షికోత్సాపోత్ల్ అనే పేరు ఉండేది. అందులో షికోత్లి అంటే తుమ్మెద లాంటి పెద్ద తేనెటీగ. పండు తేనెలాంటి తీపి అని పెట్టారేమో. హిందీ, మరాఠీ, గుజరాతీల్లో చికూ అనేది కూడా ఈ "చికో సపోతె" తుంపే.

1565 నుంచి 1815 దాకా, అంటే 250 ఏళ్లు, మెక్సికోలోని అకపుల్కో రేవుకూ ఫిలిప్పీన్స్‌లోని మనీలాకూ మధ్య స్పెయిన్ ఓడలు నడిచాయి. వెండి ఇటు, పట్టు అటు. ఆ ఓడల్లోనే మొక్కలూ, గింజలూ వచ్చాయి. సపోటా అట్లా ఫిలిప్పీన్స్ చేరింది. అక్కడ దాన్ని ఇప్పటికీ చికో అంటారు. ఆసియాలో మిగతా దేశాలకూ పాకింది. మన దేశంలో తోటగా వేసింది మొదట మహారాష్ట్రలోని ఘోల్వాడ్ అనే ఊళ్లో, 1898లో అని చెప్తారు. ఆ డహాణు ఘోల్వాడ్ చికూకు 2016లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన తెలుగు నేల కూడా తక్కువ తినలేదు. రకాల పేర్లు చూడండి: ద్వారపూడి, జొన్నవలస, వావిలవలస. ఇవన్నీ మన ఊళ్ల పేర్లే. గింజ నుంచి మొలిచిన చెట్లలో బాగా కాసినదాన్ని ఎవరో రైతు పట్టుకుని, అంట్లు కట్టించి నిలబెట్టాడని ఆ పేర్లే చెప్తున్నాయి. ఆ రైతు పేరు పోయింది, ఊరి పేరు మిగిలింది.

ఇక్కడి నుంచి అసలు విషయం.

మొక్క సముద్రం దాటి వచ్చింది. కానీ పుట్టింట్లో దాని చుట్టూ ఉన్న బలగం రాలేదు. ఆ అడవి మట్టి రాలేదు, దాని పూల మీద వాలే పురుగులు ఓడ ఎక్కలేదు. కొత్త కోడలు ఒంటరిగా దిగినట్టు దిగింది. మరి ఇక్కడ ఎట్లా నిలదొక్కుకుంది?

వేరు సంగతి మీలో చాలామందికి తెలిసిందే. కడియం నుంచి తెచ్చే సపోటా అంటును మొదట్లో జాగ్రత్తగా చూడండి. కింద ఉన్నది సపోటా కాదు, పాల మొక్క. మన కోస్తా పొడి అడవుల్లో సహజంగా పెరిగే పాల చెట్టు సపోటాకు దగ్గర చుట్టమే, రెండూ ఒకే ప్రజాతి. చిన్న పసుప్పచ్చ పండ్లు కాస్తుంది. తుంచితే దానికీ పాలు కారతాయి. (పాల అనే పేరుతో ఒక సపోటా రకం కూడా ఉంది. అది వేరు, ఇది వేరు. నర్సరీలో అడిగేటప్పుడు తికమక పడొద్దు.) పాల వేరు మీద సపోటా కొమ్మ కడితే మన ఎండలకూ, మన నేలలకూ తట్టుకుంటుంది. పాల మొక్క నిదానంగా ఎదుగుతుంది కాబట్టి అంటు కట్టే లావు రావడానికి రెండేళ్ల పైనే పడుతుంది. సపోటా అంటు ధర జామ అంటు కన్నా ఎక్కువ ఎందుకు అని బేరమాడే ముందు ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

కాబట్టి కాళ్లు మనవాళ్లు ఇచ్చారు. పిందె ఎవరిచ్చారు?

ఇది చిన్న ప్రశ్న కాదు. మెక్సికో నుంచే వెళ్లిన ఇంకో మొక్క వనిల్లా ఏమైందో చూడండి. ఐస్‌క్రీములో వాసన వచ్చేది దాని కాయ నుంచే. ఫ్రెంచి వాళ్లు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో వనిల్లా తీగలు నాటారు. తీగ పెరిగింది, పూత పూసింది, కాయ మాత్రం లేదు. పుట్టింట్లో ఆ పువ్వును కలిపే తేనెటీగ ఇక్కడ లేకపోవడమే కారణం. చివరకు 1841లో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస కుర్రాడు సన్నని పుల్లతో పువ్వు లోపలి పొరను ఎత్తి, బొటనవేలితో పుప్పొడిని కీలాగ్రానికి అద్దే పద్ధతి కనిపెట్టాడు. ఈ రోజుకీ వనిల్లా పండించేవాళ్లు పువ్వు పువ్వుకూ చేత్తో అదే పని చేస్తున్నారు. సపోటాకూ అదే గతి పట్టి ఉంటే, మనం పొద్దున్నే నిచ్చెన వేసుకుని ఒక్కో పువ్వుకు పుల్ల పెట్టి తిరగాల్సి వచ్చేది. ఊహించుకోండి.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ పామాయిల్. ఏలూరు, అశ్వారావుపేట వైపు తోటలు చూసినవాళ్లకు తెలుసు, మగ గెల విచ్చినప్పుడు సన్నటి ముక్కు పురుగులు గుంపులుగా పట్టి ఉంటాయి. అవే పుప్పొడిని ఆడ గెలకు మోస్తాయి. ఆ పురుగు ఆఫ్రికాది. పామాయిల్ ఆఫ్రికా నుంచి మలేషియాకు వచ్చినప్పుడు పురుగు వెంట రాలేదు. చాలా తోటల్లో కూలీలను పెట్టి చేత్తో పుప్పొడి చల్లించేవాళ్లు. సయ్యద్ అనే కీటక శాస్త్రవేత్త దీని మీద పని చేశాక, 1981లో కామెరూన్ నుంచి ఆ ముక్కు పురుగును తెచ్చి మలేషియాలో వదిలారు. తర్వాత మన దేశానికీ తెచ్చారు. ఈ కథలో మనకు కావాల్సింది ఒక చిన్న ముక్క ఉంది. ముక్కు పురుగు రాకముందు మలేషియా ద్వీపకల్పంలో పామాయిల్‌కు అంతో ఇంతో పిందె కట్టించింది ఎవరని సయ్యద్ చూస్తే, అది ఒక తామర పురుగు అని తేలింది. త్రిప్స్ హవాయియెన్సిస్ దాని శాస్త్రీయ నామం. పేరులో హవాయి ఉంది గానీ మన ఆసియా అంతటా ఉండే పూల తామర పురుగు అది.

ఈ పేరు గుర్తు పెట్టుకోండి.

1989లో విశాఖపట్నం ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఇ.యు.బి. రెడ్డి గారు సపోటా పరాగసంపర్కం మీద ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. భారత జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వచ్చింది. ఆయన తేల్చింది ఇది: సపోటా పువ్వుల్లో రెండు రకాల తామర పురుగులు నివాసం ఉంటున్నాయి. ఒకటి అదే త్రిప్స్ హవాయియెన్సిస్, రెండోది హాప్లోత్రిప్స్ టెన్యుపెన్నిస్. అవి పువ్వును గూడుగా వాడుకుంటాయి. పుప్పొడి, మకరందం, కీలాగ్రం మీద ఊరే తడి తింటాయి. ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు మేతకు పోయేటప్పుడు ఒంటికి అంటిన పుప్పొడిని మోసుకుపోయి పరాగసంపర్కం చేస్తాయి. తర్వాత వేరే దేశాల వాళ్లు సపోటా మీద రాసినప్పుడు కూడా ఈ విశాఖ పనినే చెప్తారు. మెక్సికో చెట్టు గుట్టు మన తెలుగు విశ్వవిద్యాలయంలో తేలింది, మన ఊళ్లలో మాత్రం ఆ మాట ఎవరికీ చేరలేదు. నాకు బాధ అనిపించేది ఇదే.

పువ్వును ఒకసారి తుంచి చూస్తే ఆయన మాట ఎందుకు నిజమో తెలుస్తుంది. సపోటా పువ్వు కిందికి వేలాడే చిన్న గంట. బయట గోధుమ రంగు నూగు ఉన్న మూడు రేకులు, లోపల ఇంకో మూడు, వాటి లోపల తెల్లటి గొట్టం లాంటి ఆకర్షణ పత్రాలు. పెద్దగా విచ్చుకోదు. పుప్పొడి ఉండే కేసరాలు ఆరు, వాటితో పాటు పుప్పొడి లేని గొడ్డు కేసరాలు ఆరు లోపలికి వంగి అడ్డం ఉంటాయి. కీలం మాత్రం గొట్టం దాటి బయటకు పొడుచుకొచ్చి ఉంటుంది, మొగ్గ పూర్తిగా విచ్చకముందే కనపడుతుంది. అంటే ఆడ భాగం బయట, మగ భాగం లోపల గూట్లో. పుప్పొడి దానంతట అది కీలాగ్రం మీద పడే అమరిక కాదు. ఇరుకు సందుల్లో దూరి, బయటకు వచ్చి, కీలాగ్రం మీద పాకే చిన్న పురుగు కావాలి. తేనెటీగలు కూడా వస్తాయి, కాదనను. కానీ ఆ ఇరుకులో కాపురం ఉండేది తామర పురుగే.

చూడాలంటే తేలిక. మిరప తోటలో మనం చేసేదే. పొద్దున్నే పూత కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి, కొమ్మను వేలితో రెండుసార్లు తట్టండి. గోధుమ రంగువీ, నల్లవీ సన్నటి పురుగులు కాగితం మీద పరుగెడతాయి. మా పెరట్లో చెట్టుకు ఇట్లా చూస్తుంటాను. మందు వాసన లేని రోజుల్లో బాగా రాలతాయి.

ఇప్పుడు మీకు కోపం వస్తుందని తెలుసు. తామర పురుగా? మన మిరపను తినేసిన తామర పురుగా మేలు చేసేది?

న్యాయమైన కోపమే. 2021 చివర్లో నల్ల తామర పురుగు మన మిరప పూతలో దూరి చేసిన నాశనం ఇంకా కళ్ల ముందే ఉంది. పూలన్నీ రాలిపోయి, తోటలు పీకేసిన వాళ్లున్నారు మనలో. ఆ పురుగు త్రిప్స్ పార్విస్పైనస్. మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనపడ్డట్టు రాశారు. ఆరేళ్లలో గుంటూరు, కృష్ణా, ఖమ్మం మిరపను ముంచింది. దానికి ముందు నుంచీ మిరపకు పైముడత తెచ్చేది ఇంకో రకం, సిర్టోత్రిప్స్ డోర్సాలిస్. అది 1919లోనే కోయంబత్తూరు నుంచి శాస్త్రానికి ఎక్కిన పాత శత్రువు. సపోటా పువ్వులో ఆంధ్ర విశ్వవిద్యాలయం చూసినవి ఈ రెండూ కావు. తామర పురుగుల్లో వేల జాతులున్నాయి. పాములన్నీ తాచులు కానట్టే, తామర పురుగులన్నీ మిరపను తినేవి కావు. త్రిప్స్ హవాయియెన్సిస్ కూడా పూర్తిగా సాధువని నేను చెప్పను, కొన్ని పంటల పూతకు అదీ చీడే. సపోటాకు మాత్రం అది పనిమంతురాలు.

ఇంకో తమాషా చూడండి. మిరప కూడా మెక్సికో వైపు నుంచి వచ్చిందే. మిరప, సపోటా ఒకే ఊరి ఆడపడుచులు. ఇద్దరూ సముద్రం దాటి మన తిరువూరు పొలాల్లో పక్కపక్కన కాపురం పెట్టారు. ఇక్కడి తామర పురుగుల జాతి ఒకదానికి యముడైంది, ఇంకోదానికి పురుడు పోసే మంత్రసాని అయింది.

మన ఇబ్బంది ఈ పక్కపక్కనే ఉండటంలోనే ఉంది. మన ఊళ్లలో పొలం ఇంటి దాకా వచ్చింది. గోడకు అటు మిరప, ఇటు సపోటా. సపోటా ముఖ్యంగా అక్టోబరు, నవంబరుల్లో ఒకసారి, ఫిబ్రవరి, మార్చిలో ఒకసారి బాగా పూస్తుంది. మనం మిరపకు, పత్తికి మందులు దంచి కొట్టేది సరిగ్గా అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకానే. 2021 తర్వాత మూడు నాలుగు మందులు కలిపి, నాలుగు రోజులకోసారి కొట్టిన వాళ్లను చూశాను. ఆ గాలి ఎటు పోతుంది? పెరట్లోకి. పూత ఉండి పిందె లేని చెట్ల గురించి నన్ను అడిగిన వాళ్లలో ఎక్కువమంది ఇళ్లు మిరప చేలను ఆనుకునే ఉన్నాయి. ఇది నా అంచనా, కానీ గట్టి అంచనా.

దాని మీద ఇంకో దెబ్బ. పూత రాలుతోందని ఒక అన్న పురుగుమందుల కొట్టుకు వెళ్తే, పూతలో తామర పురుగు ఉంది కాబట్టి రాలుతోందని చెప్పి తామర పురుగు మందే ఇచ్చారట. పురుగు ఉన్నమాట నిజం. నిందే తప్పు. చెట్టు నిండా ఆ మందు కొడితే ఉన్న మంత్రసాని కూడా పోయింది.

అట్లాగని ప్రతి పూత రాలడానికీ ఇదే కారణం కాదు. సపోటాలో పూసిన పూలన్నీ కాయలవ్వవు, ఎక్కువ భాగం సహజంగానే రాలతాయి. నీటి ఎద్దడి ఉన్నా రాలతాయి. మొగ్గకు చిన్న రంధ్రం ఉండి, లోపల తిని ఖాళీ చేసి ఉంటే అది మొగ్గ తొలిచే పురుగు, దానికి మాత్రం ఏదో ఒకటి చెయ్యాల్సిందే. రంధ్రం ఉన్న మొగ్గలు ఏరి నాశనం చెయ్యడం, వేప నూనె లాంటివి కొట్టాల్సి వస్తే మొగ్గ దశలోనే, పువ్వు విచ్చకముందే సాయంత్రం పూట కొట్టడం నేను పాటించే పద్ధతి. పూలు విచ్చిన చెట్టు మీద ఏ పురుగుమందూ వద్దు.

రకం సంగతి కూడా ఉంది. సపోటాలో కొన్ని రకాలకు తమ పుప్పొడి తమకు పట్టదు, పక్కన వేరే రకం ఉంటేనే కాపు. కొన్నింటికి తమది పట్టినా, పక్కన వేరే రకం ఉంటే కాపు ఇంకా పెరుగుతుంది. అమెరికాలో ఫ్లోరిడా వాళ్లు కూడా తమ రైతులకు ఇదే చెప్తారు. అంటు కట్టిన చెట్లన్నీ ఒకే తల్లి కొమ్మలు కాబట్టి, క్రికెట్ బాల్ చెట్లు పది నాటినా పుప్పొడి లెక్కలో అవి ఒకే చెట్టు. క్రికెట్ బాల్ కాయ పెద్దది, చూడముచ్చటగా ఉంటుంది, పెరట్లో అందరూ అదే అడుగుతారు. కాపు తక్కువ రకమని దానికి ముందు నుంచీ పేరు. పెరట్లో ఒకే చెట్టుకు చోటుంటే కాళీపత్తి గానీ, పాల రకం గానీ పెట్టుకోండి. క్రికెట్ బాలే కావాలంటే తోడుగా ఇంకో రకం ఉండాలి. స్థలం లేకపోతే పక్కింటి వాళ్లతో మాట్లాడుకుని, వాళ్లు ఒక రకం, మీరు ఒక రకం పెట్టుకోండి. పురుగులకు గోడలు అడ్డం కాదు.

చివరగా ఒక పని. సపోటా పిందెలో గింజలకు పది పన్నెండు గదులు ఉంటాయి. పుప్పొడి బాగా అందిన కొద్దీ గింజలు పెరుగుతాయి. మీ చెట్టు పండు కోసినప్పుడు గింజలు లెక్క పెట్టండి. ఒకే చెట్టువి ఓ పది పండ్లు చూస్తే చాలు. మీ చెట్టు ఏ రకం, చుట్టూ వంద గజాల్లో ఏ పంట ఉంది, పండుకు ఎన్ని గింజలు వచ్చాయి, ఈ మూడూ కింద రాయండి. మిరప పక్కన ఉన్న చెట్లవీ, మామిడి తోటల్లో ఉన్న చెట్లవీ విడివిడిగా వేసి, సంక్రాంతి తర్వాత ఇక్కడే పెడతాను.